వడ్డీ లేని వంటగది

 

నాచారంలోని మా వంటగదిలో నిన్నమొన్నటి వరకు గాలి ఆడే దారి లేదు. తాలింపు వేసిన ప్రతిసారీ నా సతీమణి దగ్గేది. బాగుచేయిద్దామంటే చేతిలో సొమ్ము తక్కువ. వాయిదాల మీద వడ్డీ అప్పు ఇస్తామని ఒకరు ముందుకొచ్చారు. నా మనసు ఊగిసలాడింది. "వడ్డీ డబ్బుతో కట్టిన గట్టు మీద నేను రొట్టె చేయలేనండీ" అన్నదామె. పిల్లలకు రిబా పాఠం చెప్పే నేను సిగ్గుతో తల వంచుకున్నాను.

అప్పుడు అవసరాన్ని, ఆడంబరాన్ని వేరు చేసి చూశాము. మొదట కిటికీ తెరిపించి, పొగను బయటికి లాగే ఫ్యాను పెట్టించాము. ఉప్పల్‌లోని ఒక రాళ్ల దుకాణంలో మిగిలిపోయిన గ్రానైటు ముక్కలు చవకగా దొరికాయి. అవి వంటగట్టుకు సరిపోయాయి. నేలకు, అరలకు తాండూరు బండలు వేయించాము. అవి సున్నపురాయి జాతివి. చింతపండు, నిమ్మ పులుపు తగిలితే మచ్చపడతాయి. అందుకే గట్టుకు వాడలేదు. చెక్క అల్మారాలను వచ్చే ఏటికి వదిలాము.

పొదుపు పేరిట మేస్త్రీ కూలి తగ్గించరాదు. చెమట ఆరకముందే వేతనం చెల్లించమన్నది దైవప్రవక్త (స) బోధన. దివ్యఖుర్ఆన్ (17:27, 29) దుబారాను ఖండించింది, పిసినారితనాన్నీ వారించింది.

మీరు పని మొదలుపెట్టే ముందు, ఆ పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలిని ఏది ముందు కావాలో అడగండి. మా ఇంట మెరుపు తక్కువే. దగ్గు లేదు, వాయిదా బెంగా లేదు. అల్‌హమ్దులిల్లాహ్!