ఇంటర్లో చదివింది ఏ లెక్కలోకీ రాదా?

సంక్రాంతికి ఇంటికెళ్లా. మాది దివిసీమ, అవనిగడ్డ పక్కన పల్లె. మా పిన్ని కూతురు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పోయినేడు ఆదివారాలన్నీ కూచుని ఎన్‌పీటీఈఎల్‌లో పైథాన్ కోర్సు పూర్తి చేసిందట. వెయ్యి రూపాయలు కట్టి, బెజవాడ వెళ్లి పరీక్ష రాసి పాసయింది కూడా. సర్టిఫికెట్ తెచ్చి చూపించింది.

"అన్నయ్యా, ఇది రేపు బీటెక్‌లో కలుపుతారా?"

"కలపరే."

"ఎందుకు కలపరు? అక్కడా ఇదే చెప్తారుగా!"

ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి, దానికి చెప్పడానికి ఒక్క సమాధానం దొరకలేదు. తిరిగొచ్చేప్పుడు బస్సులో పులిగడ్డ దాటేదాకా అదే ఆలోచన. ఆ చిరాకే ఈ టపా.

ముందు నా సంగతి. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదిన్నర దాకా లెక్కలే. మాత్రికలు, అవకలనం, సమాకలనం, అవకల సమీకరణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. తర్వాత బీటెక్‌లో చేరా. మొదటి సెమిస్టర్, మొదటి క్లాసు, బోర్డు మీద మాత్రికలు! ఫిజిక్సు, కెమిస్ట్రీల్లో కూడా చాలా పాఠాలకి అదే తంతు. దమ్ము చేసిన మడిలోనే మళ్లీ దమ్ము చేసి, రెండోసారి కూలి అడిగినట్టుంది. అన్నీ పాతవే అనను. లాప్లాస్ లాంటివి ఇంటర్లో లేవు. కానీ వచ్చినవాడికీ రానివాడికీ ఒకే బెంచీ, ఒకే హాజరు, ఒకే ఫీజు.

"కాలేజీలో చేరకముందు చదివింది కాలేజీ చదువు ఎలా అవుతుందండీ?" అంటారేమో. ఇప్పటికే అవుతోంది. మీరే ఒప్పుకున్నారు.

మా మేనత్త కొడుకు పదో తరగతి అవగానే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరాడు. చుట్టాలంతా "అయ్యో, డిప్లొమానా" అన్నారు. మూడేళ్లయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూచున్నాడు. అంటే పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య మా బావ చదివిందాన్ని ప్రభుత్వం ఇంటర్‌గానూ, బీటెక్ మొదటి ఏడాదిగానూ లెక్క కట్టింది. గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్కూ ఇంజనీరింగ్ కాలేజీ రెండూ ఉన్నాయి. ఒకదాంట్లో చదివింది ఇంకోదాంట్లో చెల్లడం అక్కడివాళ్లకి వింతేం కాదు.

ఇంకోటి చూడండి. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ. నూజివీడు క్యాంపస్ అప్పట్లో మన కృష్ణా జిల్లాలోదే. పది పాసైన పిల్లల్ని తీసుకుని, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లూ ఒకే యూనివర్సిటీ చదివిస్తోంది. పదహారేళ్ల పల్లెటూరి పిల్లలు యూనివర్సిటీ చదువు చదవలేరనే మాట అక్కడితో చెల్లు.

అసలు ఇంటర్మీడియట్ అనే పేరు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? మద్రాసు యూనివర్సిటీ రోజుల్లో ఇంటర్ అంటే యూనివర్సిటీ చదువులో మొదటి రెండేళ్లు. అది అయ్యాక ఇంకో రెండేళ్లు చదివితే బీఏ. బందర్లో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడిలోంచి పెరిగిన నోబుల్ కాలేజీ ఆ కాలం చూసిందే. పేరు ఉంచుకున్నాం, "జూనియర్ కాలేజీ" అని బోర్డూ ఉంచుకున్నాం. లెక్క మాత్రం గాలికి వదిలేశాం.

అమెరికాలో మనవాళ్ల పిల్లల్ని అడగండి. హైస్కూల్లోనే ఏపీ పరీక్షలు రాస్తారు (మన ఏపీ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ :) ). అయిదుకి మూడో, నాలుగో వస్తే చాలా యూనివర్సిటీలు క్రెడిట్లు ఇస్తాయి. మిన్నెసోటా రాష్ట్రం 1985లోనే హైస్కూలు పిల్లలు కాలేజీ క్లాసులకి వెళ్లేలా చట్టం చేసింది. అక్కడా అంతా సవ్యం కాదు. డార్ట్‌మత్ లాంటి కాలేజీ 2018లో పట్టా తీసుకోవాల్సిన బ్యాచ్ నుంచి ఏపీకి క్రెడిట్లు ఇవ్వడం మానేసింది. కానీ అక్కడ జరిగేది ఎంత ఇవ్వాలి, దేనికివ్వాలి అనే వాదన. మన దగ్గర ఆ ప్రశ్నే పుట్టలేదు.

కాగితాల మీద మనకీ అన్నీ ఉన్నాయి. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. దాచుకున్న క్రెడిట్ ఏడేళ్ల దాకా చెల్లుతుంది. 2023లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. ఏడాదికి 1200 గంటల చదువు, 40 క్రెడిట్లు, స్కూలు చదువుతో సహా అని రాశారు. స్వయం కోర్సుల నుంచి సెమిస్టర్లో 40 శాతం దాకా తీసుకోవచ్చని కూడా 2021లో యూజీసీ చెప్పింది. అయితే అది అప్పటికే కాలేజీలో చేరినవాళ్ల కోసం రాసింది. పదిహేడేళ్ల మా చెల్లెలు అదే పరీక్ష అదే హాల్లో రాసినా, దాని సర్టిఫికెట్ గోడకి తగిలించుకోడానికే.

ఇక అభ్యంతరం. "ఇలా మొదలుపెడితే రేపు కార్పొరేట్ కాలేజీలు 'ఇంటర్ ప్లస్ క్రెడిట్స్' అని ఫ్లెక్సీలు కట్టి ఇంకో లక్ష గుంజుతాయి." నిజం, నాకూ అదే భయం. అందుకే ఇంటర్ మార్కులకి క్రెడిట్లు ఇవ్వమని నేను అడగట్లేదు. ఇంటర్ కాలేజీల చేతికి ఒక్క మార్కు కూడా ఇవ్వొద్దు. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. కౌన్సెలింగ్ అయి బీటెక్ క్లాసులు మొదలయ్యేసరికి ఎంతలేదన్నా నాలుగు నెలలు. ఆ మధ్యలో మొదటి సెమిస్టర్ లెక్కలు, ఫిజిక్సు, ప్రోగ్రామింగ్ పేపర్లు యూనివర్సిటీయే పెట్టాలి. రెగ్యులర్ వాళ్లకిచ్చే ప్రశ్నపత్రమే, దిద్దేదీ వాళ్లే. ఇష్టమున్నవాడు రాస్తాడు. పాసైతే ఆ క్రెడిట్లు బ్యాంకులో పడతాయి. తప్పితే పోయేదేం లేదు, అందరితోపాటు క్లాసులో కూచుంటాడు.

"అదీ పట్నం పిల్లలకే పనికొస్తుంది" అనేవాళ్లుంటారు. పరీక్ష ఫీజు వందల్లో పెట్టి, సెంటర్లు గుడివాడ, బందరు, అవనిగడ్డల్లో వేస్తే నాగాయలంక పిల్లా రాస్తుంది. నాలుగు పేపర్లు ముందే అయిపోతే మొదటి ఏడాదిలో ఆ టైములో ఇంగ్లీషో, పై కోర్సో చదువుకోవచ్చు. ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులం ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. అందులో పదో పదిహేనో ముందే చేతికొస్తే, ఆ మేరకు సబ్జెక్టు ఫీజు తగ్గించమని అడిగే హక్కు తల్లిదండ్రులకి వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కట్టే ప్రభుత్వానికీ మిగులుతుంది. ఎవరికి మిగలదో, ఎవరికి ఇష్టముండదో నేను చెప్పక్కర్లేదు.

నిన్న చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. డేటా స్ట్రక్చర్స్ కోర్సు మొదలుపెట్టిందట. "కలపరు కదే, మరెందుకు?" అన్నా.

"నాకు వస్తుంది కదా అన్నయ్యా" అంది.

దానికి తెలిసినపాటి మన యూనివర్సిటీలకి తెలియదా?