బూజు దులపడానికి పురుగుల మందు ఎందుకు?



క్రిస్మస్ దగ్గరపడితే మన ఇళ్ళలో మొదటి పని బూజులు దులపడం. సున్నాలు, రంగులు, గుమ్మానికి నక్షత్రం కట్టడం అన్నీ దాని తర్వాతే. పొడుగాటి కర్రకు చీపురు కట్టి, తలకు గుడ్డ చుట్టుకుని ఒక పూటలో ముగించే పని అది. అయితే ఈమధ్య కొన్ని ఊళ్ళలో ఈ పనికి పత్తి చేనులో మిగిలిన మందును వాడుతున్నారు. చేనుకు కొట్టే పంపుతోనే దూలాలకు, మూలలకు, మంచం కిందికి కొట్టిస్తున్నారు. ఎందుకని అడిగితే "సాలీళ్ళు ఎక్కువైనయి సిస్టర్, పిల్లలమీద పోస్తే పొక్కులు లేస్తయి" అంటారు. ఒకటి రెండు చోట్ల మందిరానికి కూడా ఇలాగే కొట్టించారు. మరునాడు సండేస్కూలు పిల్లలు ఆ నేలమీదే జంపఖానా పరచుకుని కూర్చున్నారు.

ఈ పద్ధతి తప్పని మా అభిప్రాయం. మన ఇళ్ళలో కనిపించే సాలీళ్ళ వల్ల ప్రాణం పోయిన మనిషిని మేము ఇంతవరకు చూడలేదు. పురుగుల మందు వల్ల పోయిన ప్రాణాలు ఎన్నో ఈ జిల్లాలో అందరికీ తెలుసు.

ముందు సాలీడు సంగతి చూద్దాం. నేతపని చేస్తుంది గనుకనే దానికి సాలె పేరు వచ్చింది. జంపఖానాలు నేసే కొత్తవాడ ఉన్న ఊరివాళ్ళం, మనకు ఆ మాట వేరే వివరించనక్కరలేదు. యోబు గ్రంథం 8వ అధ్యాయంలో దేవుని మరచినవాని నమ్మకాన్ని సాలెగూటితో పోల్చిన సంగతి మన సంఘాల్లో అందరూ విన్నదే. అక్కడ చెప్పింది గూడు ఎంత బలహీనమో గాని, ఆ పురుగు విషం సంగతి కాదు. చాలామంది ఆ రెంటినీ కలిపేస్తారు.

దాదాపు సాలీళ్ళన్నిటికీ కొద్దో గొప్పో విషం ఉంటుంది. అది ఈగను, దోమను, బొద్దింకను పడగొట్టడానికి. మన గోడల మూలల్లో సన్నని పొడుగు కాళ్ళతో వేలాడే సాలీడు మనల్ని కుట్టిన దాఖలాలు దాదాపు లేవు. రాత్రిపూట స్నానాల గదిలో అరచేయంత వెడల్పున కాళ్ళు చాపుకుని గోడకు అంటుకుని కనిపించే గోధుమరంగు సాలీడును చూసి ఆడవాళ్ళు కేకలు పెడతారు. అది గూడు కట్టదు, బొద్దింకలను వేటాడుతుంది. పొట్టకింద తెల్లని బిళ్ళలాగా మోసుకు తిరిగేది గుడ్ల సంచి. దాన్ని చేత్తో నలిపితే కుట్టవచ్చు, తేలు చిన్నగా కుట్టినట్లు మంట పుడుతుంది. సబ్బునీళ్ళతో కడిగి, తడిగుడ్డ వేసి, టి.టి. సూది వేయించుకుని ఎంతకాలమైందో చూసుకుంటే చాలు. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి రావాలి.

సెల్‌ఫోన్లలో తిరిగే భయంకరమైన బొమ్మలు చాలావరకు అమెరికా దేశపు సాలీళ్ళవి. మన తెలుగు నేలమీద పేరుపొందిన పెద్ద సాలీడు ఒకటుంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక సాలీడును చూసి వర్ణించాడు. మెరిసే నీలిరంగుతో ఉంటుంది. నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో చెట్ల తొర్రల్లో బ్రతుకుతుంది. ఇప్పుడది అంతరించిపోయే దశలో ఉంది. అంత పెద్ద సాలీడు కుట్టినా నొప్పి బాగా ఉంటుందే గాని, మనిషి చనిపోయినట్లు ఎక్కడా నమోదు కాలేదు.

మరి ఆ పొక్కుల మాటేమిటి? మా ఓ.పి.కి "సాలెపురుగు పోసింది" అని వచ్చేవారిని జాగ్రత్తగా చూస్తే సాధారణంగా రెండు రకాలు కనిపిస్తాయి. రెంటిలోనూ సాలీడు తప్పు లేదు.

మొదటిది సర్పి. వైద్యులు హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ, అంటే మనవాళ్ళు అమ్మవారు పోసిందనే చికెన్‌పాక్స్, వచ్చిపోయినా దాని క్రిమి నరాల మొదట్లో దాగి ఉంటుంది. ముసలితనంలోనో, షుగరు వంటి జబ్బులవల్ల ఒంట్లో శక్తి తగ్గినప్పుడో మళ్ళీ లేస్తుంది. రెండు మూడు రోజులు ఒక్కచోట మంట, పోటు. తర్వాత వీపు నుండి రొమ్ముదాకానో, నడుము చుట్టూనో, ముఖంమీదనో ఒకే పక్క పట్టీలాగా నీటిపొక్కులు. మధ్యగీత దాటి రెండో పక్కకు సాధారణంగా పోదు. ఒక సాలీడు అంత లెక్కగా ఒక పక్కనే ఎలా పాకుతుందో అడిగితే ఎవరూ జవాబు చెప్పరు! ఊళ్ళో దీనికి జాజు పూసి మంత్రం వేయిస్తారు. పొక్కులు ఎలాగూ రెండు మూడు వారాల్లో ఎండిపోతాయి గనుక పేరు మంత్రానికి వస్తుంది. పోగొట్టుకున్నది మాత్రం కాలం. పొక్కులు కనిపించిన 72 గంటల్లో ఎసైక్లోవిర్ వంటి మాత్రలు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. వారం తర్వాత వస్తే ఆ మేలు చాలావరకు పోతుంది. పెద్దవయసువారికి పొక్కులు మానినా నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి ఆ చోట మంట మిగిలిపోతుంది. చొక్కా అంచు తగిలినా ఓర్చుకోలేరు. నుదుటిమీద, కంటిపక్కన, ముక్కుకొనమీద లేస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు, చూపు దెబ్బతింటుంది.

రెండోది వానాకాలం, పంటకోతల కాలం దీపాలకు వచ్చే ఒక చిన్న పురుగు. పెద్ద చీమంత సన్నగా, నలుపు నారింజరంగు పట్టీలతో ఉంటుంది. పేరు పెడెరస్. అది కుట్టదు, కరవదు. మెడమీద పాకితే మనమే చేత్తో రుద్ది నలుపుతాం. దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే తెలియదు. మరునాటికి వాత పెట్టినట్లు ఎర్రని గీత, దానిమీద చిన్న పొక్కులు. మోచేతి మడతలో పడితే మడతకు రెండువైపులా అద్దినట్లు లేస్తుంది. రాత్రి పురుగు నలిగింది, పొద్దున మూలలో సాలీడు కనిపించింది, నేరం దానిమీద పడింది. ఈ పురుగు ఒంటిమీద వాలితే ఊది పారేయండి, నలపవద్దు. నలిగితే వెంటనే సబ్బుతో బాగా కడగండి. ఆ చేత్తో కన్ను ముట్టుకోవద్దు. పడకపైన దీపం ఆర్పితే సగం బాధ తీరుతుంది.

మూడో సంగతి అరుదు. కాని మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేది అదే. మన పల్లెల్లో పామును రాత్రిపూట పేరుపెట్టి పిలవరు, "పురుగు ముట్టింది" అంటారు. దానితో తబ్బిబ్బు వస్తుంది. నేలమీద పడుకున్నవారిని కట్లపాము కరిస్తే వాపు ఉండదు, నొప్పి కూడా అంతగా ఉండదు, గాటు కనబడకపోవచ్చు. "ఏదో సాలీడో చీమో కుట్టింది" అని మళ్ళీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, గుటక పడకపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. రాత్రి ఏదో కుట్టినట్లనిపించి, ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా సాలీడు అనే మాట మరచిపోయి 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి నేరుగా పోవాలి. మంత్రగాని ఇంటి గుండా కాదు.

ఇక మందు కొట్టడం గురించి. అసలు సాలీళ్ళమీద ఇది సరిగా పనిచేయదు. బొద్దింక మందు కొట్టిన నేలమీద పొట్ట ఈడ్చుకుంటూ తిరుగుతుంది, మీసాలు, కాళ్ళు నోటితో శుభ్రం చేసుకుంటుంది. అలా మందు లోపలికి పోతుంది. సాలీడు కాలి కొనలమీద నడుస్తుంది, చాలావరకు తన గూటిలోనే వేలాడుతుంది. మందు నేరుగా మీద పడితే తప్ప చావదు. రెండు వారాల్లో మళ్ళీ బూజు. మందు మాత్రం గోడకు, పరుపుకు, పసిపిల్ల పాకే నేలకు అంటుకుని ఉంటుంది.

అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ పని పేరుతో ఇంట్లో నిలిచిపోయే సీసా. 1997 నుండి 2002 వరకు వరంగల్ ప్రభుత్వాసుపత్రిలో పురుగుల మందు విషంతో చేరినవారి లెక్కలు 2005లో ఒక వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆ ఆరేళ్ళలో చేరినవారు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002లో చేరినవారిలో మూడింట రెండువంతులు 30 ఏళ్ళలోపువారు. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేయించింది.

వారు సాలీళ్ళకు మందు కొట్టి పడిపోయినవారు కారు. ఆ 2002 లెక్కలో నూటికి 96 మంది తమంతట తామే తాగినవారు. అయినా ఈ మాట ఇక్కడ ఎందుకు ఎత్తామంటే, అప్పులు, పంటనష్టం, ఇంట్లో మాటామాటా అనే కష్టాలన్నీ ఆసుపత్రివాళ్ళం తీర్చలేం. కాని కోపం, దుఃఖం పొంగిన ఆ గడియలో చేతికందే దూరంలో సీసా లేకపోతే, ఆ గడియ దాటిపోయి మనిషి మిగిలే అవకాశం ఉంది. సీసాను దూలంమీదనుంచి చేను దగ్గరి పెట్టెలోకి మార్చడం ఏ కుటుంబమైనా చేయగల పని. మనసు బాగాలేనివారికి టెలిమానస్ 14416 నంబరు ఉంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. సంఘ కాపరులు ఈ నంబరును ప్రకటనల్లో ఒకసారి చదివి వినిపించాలని మా కోరిక.

తెలియక జరిగేవి కూడా ఉన్నాయి. 2013 జూలైలో బీహారు సారణ్ జిల్లా గండామన్ గ్రామ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటలో కలిసింది మోనోక్రోటోఫాస్, మన పత్తి రైతులందరూ ఎరిగిన మందు. మందు డబ్బాలో కిరసనాయిలు, నూనె, నీళ్ళు పోసుకునే అలవాటు మన ఊళ్ళలోనూ ఉంది. కూల్‌డ్రింక్ సీసాలో మందు కొంచెం పోసి పక్కింటివారికి "సాలీళ్ళకు కొట్టుకో" అని ఇచ్చేవారున్నారు. దయచేసి ఇవ్వకండి, పుచ్చుకోకండి. బొద్దింకలకు గీసే సుద్దముక్క కూడా విషమే. పలకమీద రాసే బలపం అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. ములుగు, ఏటూరునాగారం వైపు మలేరియా సిబ్బంది గోడలకు కొట్టే మందును ఈ మాటలు చదివి వద్దనకండి. అది లెక్కప్రకారం కలిపి, నేర్చినవారు దోమలకోసం కొట్టేది. కొట్టాక గోడలు అలకవద్దని, సున్నం వేయవద్దని వారు చెబితే వినాలి.

సాలీళ్ళు తగ్గాలంటే వాటి తిండి తగ్గించాలి. రాత్రంతా గుమ్మం ముందు తెల్లని దీపం వెలిగితే పురుగులు వస్తాయి, వాటివెంట సాలీళ్ళు వస్తాయి. కిటికీలకు జాలీ కొట్టించండి. గోడకు ఆనించిన కట్టెలకుప్ప, పాత పెంకులు, ఖాళీ సంచులు దూరంగా జరిపితే తేళ్ళు, పాములు కూడా తగ్గుతాయి. బూజుకర్రతో వారానికొకసారి దులపండి. గూడుతోపాటు గుడ్ల సంచి తీసి బయట పారేయడం ముఖ్యం, లేకపోతే నెల తిరిగేసరికి వందల పిల్లలు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఉబ్బసం ఉన్నవారిని ఆ పూట బయట కూర్చోబెట్టండి. ఒక్క సాలీడే అయితే గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి పెరట్లో వదిలేయవచ్చు. దులిపిన బూజును కొడవలి గాటుమీద అద్దే అలవాటు ఇంకా ఉంది. రక్తం ఆగవచ్చు, దుమ్ముతోపాటు ధనుర్వాతం రావచ్చు. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి రండి.

మందు ఎంత కావాలో అంతే కొనాలి. మిగిలితే తాళం ఉన్న పెట్టెలో, ఇంటికి దూరంగా, దాని సొంత డబ్బాలోనే ఉంచాలి. ఖాళీ డబ్బాను చేనులోనే మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడవాలి. బావిలో, చెరువులో కడగవద్దు.

ఎవరైనా మందు మింగినా, ఒంటిమీద పోసుకున్నా, కొట్టిన గదిలో పడుకుని లేచి చొంగ, చెమట, వాంతి, ఆయాసం పడుతున్నా తడిసిన బట్టలు తీసేసి సబ్బునీళ్ళతో ఒళ్ళు కడగండి. పేడనీళ్ళు, ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే బయలుదేరండి. వచ్చేటప్పుడు ఆ మందు సీసా కూడా తీసుకురండి. మందు పేరు తెలిస్తే డాక్టరుగారికి ఏ విరుగుడు ఇవ్వాలో త్వరగా తేలుతుంది.