అమూర్త గణితానికి సైబర్‌జయలో స్థానమేది?

మలేషియాలో 1997 మే నెలలో ప్రారంభమైన సైబర్‌జయ నగరం తన పేరులోనే సంస్కృత 'జయ' శబ్దాన్ని నిలుపుకొన్నది. పూర్వీకులు తోటలలో శ్రమించిన దేశంలో నేటి తెలుగు యువత కంప్యూటరు విద్యను అభ్యసించడం హర్షదాయకమే. అయితే 'ఉద్యోగానికి పనికివస్తుందా?' అనే ఒక్క గీటురాయిపైనే ప్రతి విద్యనూ పరీక్షించడం దూరదృష్టి అనిపించుకోదు. ఆ పరీక్షలో మొదట ఓడేది అమూర్త బీజగణితం.

కూడిక, తీసివేత, గుణకారం నియమబద్ధంగా సాగే సమితి వలయం. పూర్ణాంకాలు ఇందుకు ఉదాహరణ. వాటిలో 7 గుణిజాలను ఏ పూర్ణాంకంతో గుణించినా ఫలం వాటిలోనే ఉంటుంది. ఇటువంటి ఉపసమితికి 'ఆదర్శం' అని పేరు. పైగా రెండు సంఖ్యల లబ్ధం 7 గుణిజమైతే, వాటిలో ఒకటైనా 7 గుణిజమై తీరుతుంది. కనుక ఇది అభాజ్య ఆదర్శం. 6 గుణిజాలకు ఈ లక్షణం లేదు. 2, 3 లు వాటిలో లేకున్నా వాటి లబ్ధం ఉన్నది.

కలనగణితంలోని మొత్తపు సూత్రాన్నీ, లబ్ధపు సూత్రాన్నీ పాటించే ప్రక్రియను ఏ వలయంలోనైనా డెరివేషన్ అంటారు. బహుపదులలో ఎక్స్ గుణిజాలు అభాజ్య ఆదర్శమే. కాని ఎక్స్ అవకలజమైన 1 దాని వెలుపల పడుతుంది. డెరివేషన్ ఎప్పుడు ఆదర్శపు గడప దాటుతుంది, ఎప్పుడు దాటదు అన్నది ఈ శాఖలోని ఒక మౌలిక ప్రశ్న.

అభాజ్య వలయాలలోని డెరివేషన్లపై 1957లో ఎడ్వర్డ్ పోస్నర్ ప్రకటించిన వ్యాసం నేటికీ పరిశోధకులకు మూలాధారం. శూన్యం కాని ఒక డెరివేషన్ వల్ల కలిగే ఫలంతో ప్రతి మూలకమూ ముందువెనుకల భేదం లేకుండా గుణింపబడితే, ఆ వలయమంతటా గుణకారం అట్లే సాగుతుందని ఆయన నిరూపించారు. ఆయనే తరువాత అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో అంతరిక్ష సమాచార ప్రసారానికి కృషి చేశారు. ఆ సిద్ధాంతం ఏ సందేశాన్నీ మోయలేదు. మోసినది దానిలో పదునెక్కిన మేధస్సు.

ఆదర్శాలు నేరుగా పనిచేసే చోటు కూడా కలదు. ప్రసార దోషాలను సవరించే చక్రీయ సంకేతాలు బహుపదులతో నిర్మించిన వలయంలోని ఆదర్శాలే. 1960లో రీడ్, సాలమన్ రూపొందించిన సంకేతాలు ఈ కోవలోనివి. వాయేజర్ పంపిన చిత్రాలకూ, నేటి దుకాణాలలోని క్యూఆర్ చిహ్నాలకూ అవే రక్ష.

ఈ విద్య తెలుగువారికి పరాయిది కాదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన భవనారి సత్యనారాయణ, కుంచం శ్యామప్రసాద్‌తో కలిసి రచించిన నియర్ రింగుల గ్రంథం 2013లో వెలువడింది.

రుసుములు భరించే తల్లిదండ్రుల ఆందోళన అర్థరహితం కాదు. ఉద్యోగ విద్యను విడనాడమని ఎవరూ కోరరు. దానితోపాటు అమూర్త బీజగణితాన్ని ఒక పాఠ్యాంశంగానైనా నిలపాలి. ఆసక్తిగల విద్యార్థిని 'దీనివల్ల లాభమేమి?' అని నిరుత్సాహపరచరాదు. ఒకరు కనిపెట్టిన పరికరాన్ని వాడడానికి శిక్షణ చాలు. కొత్తదానిని కనిపెట్టడానికి మూలతత్త్వం తెలియాలి. అప్పుడే సైబర్‌జయ పేరులోని జయం సార్థకమవుతుంది.