తెర పెడితే చాలదు, ఆపి మాట్లాడే మనిషి కావాలి

వానాకాలం పంటల ముందు మా దగ్గర ఒక శిక్షణ జరిగింది. గోడకు పెద్ద తెర, అందులో శాస్త్రవేత్త, ఇవతల కుర్చీల్లో నలభై మందిమి. మాట తెగి తెగి వస్తున్నది. పచ్చిరొట్ట గురించి చెప్తున్నరో, పచ్చదోమ గురించి చెప్తున్నరో తెలియలేదు. మా విస్తరణాధికారి, మా బిడ్డ వయసు అమ్మాయి, అందరి ఫొటోలు తీసి పైకి పంపే పనిలో పడింది. బయటికి వచ్చినంక "ఏం బిడ్డా, నీకేమన్న అర్థమైందా?" అని అడిగిన. "నాకూ అంతే పెద్దనాయినా. ఫొటో పోకపోతే మాత్రం ఫోనొస్తది" అన్నది.

ఆ అమ్మాయిని తప్పు పట్టలేం. మా కంటే ముందు ఆమెకు నేర్పాలి. ఆమెకు నేర్పే పద్ధతే ఫొటోకు కుదించుకుపోయింది.

తెరల మీద పాఠాలు వద్దని మేం అనడం లేదు. దూరదర్శన్‌లో కృషి దర్శన్ 1967 జనవరి 26న మొదలైంది. రేడియోలో, టీవీలో విని వంగడం మార్చిన రైతులు మన ఊళ్ళలో ఉన్నరు. తెలంగాణలో ఇప్పుడు 2,601 రైతు వేదికలున్నయి. 2024 మార్చిలో రైతు నేస్తం పేరుతో వీడియో సమావేశాలు మొదట 110 వేదికల్లో మొదలైనయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పెట్టిన రైతు భరోసా కేంద్రాలు, ఇప్పటి రైతు సేవా కేంద్రాలు, వాటిలోనూ తెరలు పెట్టిన్రు. యంత్రాలకు డబ్బు పెట్టిన్రు, మంచిదే. దాని ముందు నిలబడే ఉద్యోగికి ఏమిచ్చిన్రన్నదే ప్రశ్న.

లెక్క ప్రకారం ఐదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి. పంటల నమోదు ఆమే చేయాలి, రైతుబీమా కాగితాలు ఆమే చూడాలి, పైనుంచి అడిగిన నివేదిక ఆ సాయంత్రానికే పంపాలి. ఇన్ని పనుల నడుమ ఫోనులోకి పాఠాల వీడియోలు వచ్చి పడుతుంటయి. చూసినట్టు నొక్కితే శిక్షణ అయిపోయినట్టే. ఇట్ల ఎవరికీ పని రాదు, పని మీద ఇష్టమూ పుట్టదు.

ఒక ఉదాహరణ చెప్త. పత్తిలో గులాబీరంగు పురుగు. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు ఆలోచించాలంటరు. చేను తిరిగి ఇరవై పచ్చికాయలు కోసి చీల్చి చూస్తే రెండింటిలో పురుగు కనబడ్డా అంతే. గుడ్డిపూలు ఎట్లుంటయో, కాయను ఎక్కడ చీల్చాలో చదివితే సగమే తెలుస్తది. చూస్తే ఒక్కసారికే తెలుస్తది. వీడియో పనికొచ్చేది ఇక్కడే. కానీ అది పూత మొదలయ్యే నాటికి రావాలి. కాయ పగిలినంక వస్తే పెండ్లయినంక మేళం పిలిచినట్టే.

ఇది నడిచే పద్ధతి ఉన్నది. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో ఒక ప్రయత్నంగా మొదలైంది. వాళ్ళు ఆ చుట్టుపక్కల రైతులతోనే చిన్న చిన్న వీడియోలు తీసి, పదిమంది కూర్చున్న చోట వేసిన్రు. ముఖ్యమైంది ఆ ఊరి మనిషి. నడుమ బొమ్మ ఆపి "ఇప్పుడేం చేసిండు? మన దగ్గర అయితదా?" అని అడిగేవాడు. ఎవరు ఆచరించిన్రో తర్వాత పోయి చూసేవాడు. మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఎక్కువమంది దళితులు, బడికి పోనివాళ్ళు కూడా, కెమెరా పట్టి చిరుధాన్యాల మీద సినిమాలు తీసిన్రు. మాచనూరులో 2008 నుంచి వాళ్ళ సంఘం రేడియో నడుస్తున్నది. చదువు లేనోళ్ళకు రాదన్న మాటకు వాళ్ళే జవాబు.

ఇంకొక సంగతి. పగలు పెట్టే సమావేశానికి వచ్చేది పట్టా ఉన్న మగవాళ్ళమే. ఆ సమయానికి కౌలు రైతు చేనులో ఉంటడు, కలుపు తీసే ఆడవాళ్ళు చేనులో ఉంటరు, మందు కొట్టే కూలీ పంపు మోస్తుంటడు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా చనిపోయిన్రు. గాలి ఎటు, ముక్కుకు గుడ్డ ఎట్ల, వాంతులైతే మందు డబ్బా పట్టుకొని దవాఖానకు పోవుడెట్ల అని చూపే పాఠం మొదట ఆ కూలీకే చేరాలి.

అందుకే సంఘం తరఫున అడిగేవి ఇవి. శిక్షణకు హాజరు ఫొటో కాదు, చేనులో చేసి చూపించిందే లెక్క కావాలి. వీడియో పది నిమిషాలు దాటొద్దు, మన యాసలో, మన నేలలో తీయాలి, అదును కంటే పది రోజులు ముందు రావాలి. విస్తరణాధికారి తన చేన్లలో చూసింది తీసి పైకి పంపితే శాస్త్రవేత్త ఆమెకు జవాబియ్యాలి. తన మాట పైన విన్నరని తెలిస్తేనే ఉద్యోగికి ఉత్సాహం వస్తది. వారంలో కనీసం రెండు రోజులు ఆమెను కాగితాల నుంచి విడిపించాలి. కూలీలకు, కౌలు రైతులకు సాయంత్రం పూట వాడకట్టులోనే వెయ్యాలి.

మన వంతు కూడా ఉన్నది. ప్రతి గ్రామ కమిటీలో మంచి ఫోనున్న పిలగాడు ఒకడుంటడు. ఈ కారులో మన ఊరి పత్తిచేనులో కాయ చీల్చి చూపే వీడియో ఒకటి వాడితో తీయిద్దాం. విస్తరణాధికారిని పిలిచి, నడుమ ఆపి మాట్లాడిద్దాం. ఆ అమ్మాయికి ఆ రోజు ఫొటో తీసే పని మనమే తప్పిద్దాం.