ఆ పద్యాలు హరిశ్చంద్రుడివి కావు

హరిశ్చంద్ర నాటకం గురించి అభిమానుల్లో మూడు రకాల అభిప్రాయాలు వింటుంటాను. ఒకటి: "పాడేవాడు బాగుండాలి, తక్కినదంతా తర్వాత." రెండు: "బలిజేపల్లివారు రాసింది రాసినట్టు ఆడాలి, బయటి పద్యాలు కలపకూడదు." మూడు: "పెళ్ళాన్ని అమ్ముకున్నవాడి కథ ఈ కాలంలో ఎందుకు?" మొదటి రకంవాళ్ళు మా ఆత్మకూరులో ఉంటారు. రెండో రకం సభల్లో, పరిషత్తుల్లో కనిపిస్తారు. మూడో రకం మన మధ్యే, అంటే ఇలాంటి పత్రికలు చదివేవాళ్ళలో ఉన్నారు.

ఈ ముగ్గురిలో నాటకాన్ని సరిగ్గా పట్టుకున్నది మొదటివాళ్ళే అని నా వాదన. కాకపోతే ఆ మొదటివాళ్ళే ఒక అన్యాయం కూడా చేస్తున్నారు, అదీ నాటకంలో తమకు ప్రాణంతో సమానమైన చోటులోనే. నేనూ ఆ గుంపులోవాణ్ణే కాబట్టి ఈ మాత్రం గట్టిగా మాట్లాడొచ్చనుకుంటాను.

ఆత్మకూరంటే నెల్లూరుదీ కాదు, అనంతపురందీ కాదు. నల్లమల అంచున, శ్రీశైలం అడవిదారిలో ఉన్న ఆత్మకూరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోట్లో ఇంకా కర్నూలు జిల్లానే. మా పక్క నాటకమంటే పద్యనాటకం. అందులోనూ హరిశ్చంద్ర అంటే కాటిసీను. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో హార్మోనియం శ్రుతి అందుకుంటే కాటిసీను వచ్చేసరికి రెండవుతుంది, మూడవుతుంది. వెలుగోడు నుంచి, కొత్తపల్లి నుంచి వచ్చినవాళ్ళు అడవి ఘట్టమంతా కునుకు తీసి, కాటిసీను అనగానే లేచి కూర్చుంటారు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు మారతారు. కాటిసీనుకు పేరున్నవాణ్ణి ప్రత్యేకంగా పిలిపిస్తారు. పద్యం అయ్యీ అవకముందే "వన్స్‌మోర్" అని కేక. పాడినవాడే మళ్ళీ పాడతాడు. ఎవరో స్టేజీ మీదికెళ్ళి నోటు చేతిలో పెడతారు, మైకులో ఆయన పేరు చదువుతారు, శ్మశానం మళ్ళీ మొదలవుతుంది.

మనవాళ్ళకు ఇది నచ్చదు. కొడుకు శవం ముందు నిలబడ్డ తండ్రిని ఆపి మళ్ళీ ఏడవమనడం ఏమిటి, విషాదం తెగిపోదా అంటారు. ఈ విసుగు కొత్తదేమీ కాదు. బళ్ళారి రాఘవ అంతటివాడు నాటకాల్లో ఈ రాగాలు తీయడాన్ని ఒప్పుకోలేదు. పాత్ర మాట్లాడాలి, బతకాలి అన్నది ఆయన పట్టుదల. రాఘవ వాదానికి ఆ రోజుల్లో అవసరం ఉంది. కానీ అదే తూకంతో ఇవాళ ఆత్మకూరు ప్రేక్షకుణ్ణి తూచడం సరికాదు.

ఎందుకంటే కథ ఏమవుతుందో తెలుసుకోవడానికి అక్కడికి ఎవరూ రారు. గౌరన ద్విపదగా చెప్పిన కాలానికే ఆ కథ పాతది. లోహితుడు బతుకుతాడనీ, విశ్వామిత్రుడు మెచ్చుకుంటాడనీ ముందు వరుసలో చాప మీద నిద్రపోతున్న పిల్లవాడికీ తెలుసు. తెలిసిన దుఃఖాన్ని ఈసారి ఏ గొంతు ఎలా మోస్తుందో చూడటానికి వస్తారు. న్యూయార్కులో 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' 1988లో మొదలై 2023 ఏప్రిల్‌లో ఆగేలోపు 13,981 ఆటలు ఆడింది. లండన్‌లో 'లే మిజరాబ్ల్' 1985 నుంచి నడుస్తోంది. వాటిని పదేసిసార్లు చూసి, ఈ ఏడాది జాన్ వాల్‌జాన్ గొంతు పోయినేటి గొంతుకంటే ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని వాదించుకునేవాళ్ళున్నారు. మా ఆఫీసులోనే ఉన్నారు. వాళ్ళను రసికులంటాం. డి.వి. సుబ్బారావు ఆ చోట ఎంతసేపు ఆపేవాడు, ఇతను ఎందుకు తొందరపడ్డాడు అని టీకొట్టు దగ్గర తెల్లారేదాకా కొట్లాడుకునే మా ఊరివాళ్ళను మాత్రం మోటువాళ్ళంటాం. రెండు చోట్లా జరిగే పని ఒక్కటే.

అసలు చూడాల్సింది వన్స్‌మోర్ ఎక్కడ పడుతుందన్నది. కథ ప్రకారం నాటకం సత్యం గురించి. గాంధీ చిన్నప్పుడు హరిశ్చంద్ర ఆట చూసి, అందరూ ఇలా సత్యవంతులు ఎందుకు కాకూడదని తనను తాను అడిగానని ఆత్మకథలో రాసుకున్నాడు. మా జనం ఆ ప్రశ్న దగ్గర ఆగరు. సత్యం గొప్పదని చెప్పే పద్యాలకు మర్యాదగా చప్పట్లు కొడతారు. వన్స్‌మోర్ మాత్రం శ్మశానం పద్యాలకు. రాజముద్రిక పట్టిన చెయ్యీ, కవి కలమూ, కొత్త పెళ్ళికూతురి మెడా అన్నీ ఒకే బూడిదలో కలుస్తాయని, అంటరానితనం ఆ గేటు దాటి లోపలికి రాలేదని చెప్పే పద్యాలకు. సత్యం గురించిన నాటకాన్ని చావు ముందరి సమానత్వం గురించిన నాటకంగా మార్చింది పండితులు కాదు, ఈ ప్రేక్షకులు.

ఆ పద్యాలు బలిజేపల్లి రాసినవి కావు. అవి గుర్రం జాషువావి. నాటకం కోసం రాసినవి కూడా కావు, 'శ్మశానవాటిక' ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి కాటిసీనులో పెట్టారు, జనం ఇక పోనివ్వలేదు. రెండో రకం అభిమానులకు ఇదే అభ్యంతరం: మూలంలో లేదు, పౌరాణిక కాలానికి అతకదు, హరిశ్చంద్రుడి నోట ఆధునిక కవి మాటలేమిటి? నాకైతే తెలుగు నాటకానికి జరిగిన ఎడిటింగుల్లో ఇంతకంటే మంచిది ఇంకొకటి కనిపించదు. మూలంలో హరిశ్చంద్రుడు తన గతికి ఏడుస్తాడు. జాషువా పద్యాలు పడ్డాక అతను మొదటిసారి తన చుట్టూ చూస్తాడు. తన కొడుకు ఒక్కడే కాదు, ఎంతమంది కొడుకులు ఇక్కడ పడుకున్నారో చూస్తాడు. ఒక రాజు పడ్డ కష్టం అందరి కష్టమయ్యేది అక్కడే. అవి తీసేసి ఆడితే మిగిలేది మంచి పౌరాణిక నాటకం, అంతే. దాని కోసం మూడింటిదాకా ఎవరూ మేలుకోరు.

ఇప్పుడు అన్యాయం సంగతి. కొన్నేళ్ళ కింద మా దగ్గర ఆట అయిపోయాక ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. పద్యాలన్నీ నోటికొచ్చిన మనిషి, నటుడు ఎక్కడ ఒక పాదం మింగాడో చెప్పగలడు. "కాటిసీను పద్యాలు ఎవరివి పెద్దాయనా?" అని అడిగాను. నన్ను వింతగా చూసి, "ఎవరివేంది నాయనా, హరిశ్చంద్రునివి" అన్నాడు.

ఆ జవాబు ఒక కవికి దొరికే పెద్ద పొగడ్త అని కొందరంటారు. కవి పేరు చెరిగిపోయి పద్యం జనం నాలుక మీద నిలబడిందట. వినడానికి బాగుంది. కానీ ఎవరి పేరు చెరిగిపోతోందో చూడండి. కరపత్రంలో బలిజేపల్లి పేరుంటుంది. హార్మోనిస్టు పేరుంటుంది. లైటింగు, మైకుసెట్టు, వేషధారణ సామాను అద్దెకిచ్చిన వాళ్ళ పేర్లుంటాయి. అయిదు వందలు చదివించినాయన పేరు రెండుసార్లు చదువుతారు. జాషువా పేరు నేను మైకులో విన్న ఆటలను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చావు దగ్గర అందరూ సమానమని చెప్పినవాడికి కరపత్రంలో చోటు లేదు.

నేను కోడు రాసి బతికేవాణ్ణి. మా పనిలో ఊరికే దొరికే కోడు బోలెడుంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ అన్నిటికంటే ఉదారమైన లైసెన్సుల్లోనూ సాధారణంగా ఒక షరతు ఉంటుంది: రాసినవాడి పేరున్న లైను మాత్రం తీసేయకూడదు. డబ్బు అడగరు, అనుమతి అడగరు, ఆ ఒక్క లైను అడుగుతారు. పద్యనాటకం కూడా అలాంటి ఉమ్మడి సొత్తే, అలాగే బతికింది. కాకపోతే ఆ ఒక్క షరతునూ మనం ఒక్కడి విషయంలోనే మరిచిపోయాం.

ఆ ఒక్కడు ఎవరో కూడా గుర్తుపెట్టుకోవాలి. వినుకొండలో కొప్పరపు కవుల సభలో కుర్రవాడైన జాషువా పద్యాలు చదివితే, ఇతన్ని సభలోకి ఎవరు రానిచ్చారని గోల చేశారు. తర్వాత 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. ఇవాళ ఊరూరా సభలు ఆయన పద్యానికి లేచి వన్స్‌మోర్ అంటున్నాయి. అప్పుడు మనిషిని బయటికి పొమ్మన్నారు, ఇప్పుడు పద్యాన్ని లోపలికి రానిచ్చి పేరును బయట నిలబెట్టారు. తేడా ఉంది, కాదనను. కానీ అది మనం గొప్పగా చెప్పుకునేంత తేడా కాదు.

పేరు ఒక్కటే అయితే ఇంత రాయను. అదే కాటిసీనులో వీరబాహుడున్నాడు. హరిశ్చంద్రుణ్ణి కొనుక్కున్న కాటికాపరి. నేను చూసిన ఆటల్లో అతను దాదాపు ఎప్పుడూ తాగి తూలుతూనే వస్తాడు. పంచె జారుతుంది, మాట తడబడుతుంది, జనం నవ్వుతారు. ఆ తర్వాత కొద్దిసేపటికే అదే స్టేజీ మీద అంటరానితనం లేని చోటు గురించి పద్యం, అదే జనం కన్నీళ్ళు. ఈ రెంటికీ మధ్య ఉన్న వైరుధ్యం ఎవరికీ అడ్డం రాదు. మా దగ్గర గుంతలు తీసే పనిచేసేవాళ్ళూ ఆ జనంలోనే, వెనక వరుసల్లో కూర్చుంటారు. ఆ నవ్వు మొదలైనప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూడండి. నాటకం గురించి పది పుస్తకాలు చదివినా తెలియనిది అక్కడ తెలుస్తుంది.

నిజానికి ఈ కథలో రాజు పొందే దుఃఖంలో సగం దాని మీదే ఆధారపడి ఉంది: ఎంతటివాడు ఎవరికి దాసుడయ్యాడో చూడండి అని. చివరికి ఆ యజమానిని కూడా కథ మనిషిగా ఉండనివ్వదు. మార్కండేయ పురాణంలో ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడే. అంటే నిజమైన కాటికాపరి రాజును కొన్నాడన్న మాట పురాణానికే మింగుడుపడలేదు. రాజుకు రాజ్యం తిరిగొస్తుంది, తల్లికి బిడ్డ తిరిగొస్తాడు. ఏ దేవుడూ వచ్చి ఏమీ ఇవ్వనిది ఆ కాటి పనికి ఒక్కదానికే.

"ఏం చేస్తాం, నాటకం అట్లా రాశారు" అంటారు. కుదరదు. నాటకం రాసినట్టే ఆడాలన్న నియమం ఉంటే జాషువా పద్యాలు అందులో ఉండేవే కావు. ఆ తూలడం, ఆ సారా జోకులు కూడా చాలావరకు నటులు అప్పటికప్పుడు పెంచుకుంటూ పోయినవే. కలపడం తెలిసిన చేతికి తీసేయడం చేతకాదా?

ఇక్కడ 'చింతామణి' సంగతి చెప్పాలి. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ఆ నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రతో తమను అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేశారు. ఆ పాత్ర చుట్టూ నటులు పెంచిన బూతు హాస్యం సంగతి అందరికీ తెలిసిందే, వాళ్ళ బాధను నేను తోసిపుచ్చను. నిషేధం మాత్రం తప్పు. నాటకాన్ని చంపి జోకును శిక్షించినట్టయింది. కానీ లెక్క చూడండి. ఒక కులం నొచ్చుకుంటే నాటకమే ఆగిపోయింది. ఇంకొకరు తరతరాలుగా నొచ్చుకుంటుంటే ఒక్క జోకు కూడా ఆగలేదు.

ఇది విని మూడో రకం మిత్రులు సంబరపడతారని తెలుసు. "అందుకే గదా మేం ఈ నాటకం వద్దన్నది!" వద్దనడం తేలిక. మీరు వద్దన్నా అది ఆగదు, మీరు చూడని చోట ఆడుతూనే ఉంటుంది. చంద్రమతిని అమ్మిన ఘట్టం గురించి మీరు అనేదంతా నిజమే. నిజం కాబట్టే వచ్చి మా పక్కన కూర్చుని ఆ మాట అనండి. హైదరాబాదులో ఏసీ హాల్లో ఆధునిక నాటకం చూసి సమానత్వం గురించి మాట్లాడుకునే రెండు వందల మంది కంటే, అంటరానితనం చెల్లదన్న పద్యాన్ని రాత్రి మూడింటికి మళ్ళీ పాడించుకునే ఊరి జనం దగ్గర ఆ వాదన గెలవడం ఎక్కువ ముఖ్యం. వాళ్ళు సగం దూరం వచ్చేశారు. రాగం పట్టుకుని వచ్చారు, అంతే.

కాబట్టి నాటక సమాజాల వాళ్ళకు, కమిటీల వాళ్ళకు, చదివింపులు ఇచ్చే పెద్దమనుషులకు నా డిమాండ్లు రెండే. ఖర్చు లేనివి. ఒకటి, కాటిసీనుకు తెర లేచేముందు మైకులో ఒక్క వాక్యం: ఇందులోని శ్మశానం పద్యాలు గుర్రం జాషువా రాసినవి. కరపత్రంలో బలిజేపల్లి పేరు పక్కన ఆ పేరు, అదే సైజు అక్షరాల్లో. రెండు, వీరబాహుణ్ణి తాగుబోతుగా తూలించకండి. తన పని తాను చేసుకునే మనిషిగా, రాజును కొనుక్కున్న యజమానిగా, నిటారుగా నడిపించండి. నవ్వు పోతుందని భయపడకండి, నక్షత్రకుడు ఉన్నాడు, నవ్వుకు లోటు రాదు. అలా నడిచిన వీరబాహుడి ముందు హరిశ్చంద్రుడు ఆ పద్యాలు పాడితే అవి ఇంకా లోతుగా దిగుతాయి.

అభిమానులకు ఇంకా చిన్న పని. ఈసారి వన్స్‌మోర్ అన్నప్పుడు, మళ్ళీ పాడించేముందు కవి పేరు చెప్పించండి. చెప్పకపోతే చదివింపులు ఆపండి. నూరేళ్ళుగా మీరు అడిగిన రాగమల్లా పాడారు, ఒక్క పేరు చెప్పలేరా?