నగరానికి అశౌచం లేదా?

గ్రామంలో శవం ఉన్నంతసేపు వేదాధ్యయనం నిలిపివేయవలెనని ధర్మశాస్త్రం విధించింది. మనుస్మృతి నాలుగవ అధ్యాయంలో అనధ్యయన కాలాలను చెప్పే సందర్భంలో ఈ నియమం కనిపిస్తుంది. మరణించినవాడు మనకు బంధువా, కాదా అన్న విచారణ అక్కడ లేదు. కృష్ణాతీరంలో నేను పుట్టిపెరిగిన అగ్రహారంలో ఈ నియమాన్ని ఆలయానికి కూడా వర్తింపజేసేవారు. శవం పొలిమేర దాటేవరకు గర్భాలయం తలుపులు తెరిచేవారు కారు. స్వామికే నైవేద్యం లేనప్పుడు ఇళ్లలో పొయ్యి రాజేసేదెవరు? పసిపిల్లలకు, రోగులకు తప్ప ఊరంతటికీ ఆ పూట ఉపవాసమే. చిన్నతనంలో ఆకలితో విసుక్కున్న రోజులున్నాయి గాని, ఒక మనిషి పోవడమంటే ఎంతటి విషయమో మాకు తెలిసింది ఆ ఆకలి వల్లనే.

లక్షలాది జనం నివసించే నగరంలో ఈ నియమాన్ని పాటించేదెట్లా? నగరంలో శవం లేని గడియ ఉండదు. కనుక ఇక్కడ అది వర్తించదని నేనూ చాలాకాలం సమాధానపడ్డాను. 2007 ఆగస్టు 25 రాత్రి ఆ సమాధానం చాలలేదు.

అది శ్రావణ శనివారం. ముందురోజు వరలక్ష్మీ వ్రతం. హైదరాబాదులో కోఠికి నడకదూరంలో ఉన్న మా వేంకటేశ్వరస్వామి ఆలయానికి ఆ సాయంత్రం వచ్చిన సువాసినుల చేతులకు వ్రతతోరాలు ఇంకా ఉన్నాయి. దర్శనం చేసుకొని, సుల్తాన్ బజారులో గాజులో రవికెల గుడ్డలో కొనుక్కొని, పిల్లలకు ఏదైనా తినిపించి ఇంటికి వెళ్లడం వారి అలవాటు. రాత్రి 7.45 ప్రాంతంలో కోఠిలోని గోకుల్ చాట్ వద్ద, హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులోని లేజర్ ప్రదర్శన వద్ద కొద్ది నిమిషాల తేడాతో బాంబులు పేలాయి. 42 మంది మరణించారు. మహారాష్ట్రలోని సంగమనేరు నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఏడుగురు వారిలో ఉన్నారు. కన్నవారికి కబురు అందేసరికి ఎంత రాత్రి అయిందో!

ఏకాంతసేవ ముగించి తలుపులు వేసిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి ఈ తలుపులు తీయవచ్చునా? నిత్యార్చన లోపిస్తే ప్రాయశ్చిత్తం చెప్పింది ఆగమం. ఊరిలో శవం ఉండగా అధ్యయనం కూడదంది స్మృతి. అడుగుదామంటే మా గురువుగారు అప్పటికే పరమపదించారు. చివరకు నాకు తోచినట్లు చేశాను. తలుపులు తెరిచి అర్చన జరిపాను. వేదపారాయణ మాన్పించాను, మంగళవాద్యం వద్దన్నాను, మహానివేదనకు బదులు కొద్దిపాటి అన్నం మాత్రం నివేదించాను. ఆ ఆదివారం కల్యాణోత్సవానికి ముందే రుసుము చెల్లించిన ఒక కుటుంబం వచ్చింది. వాయిదా వేసుకుందామన్నాను. నొచ్చుకున్నారు. చనిపోయినవారు మాకేమీ కారు కదా అన్నారు. తరువాత వారు మా ఆలయానికి రాలేదు. నేను చేసినది పూర్తిగా శాస్త్రసమ్మతమని ఈనాటికీ వాదించలేను. కాని “మాకేమీ కారు కదా” అన్న మాట మాత్రం శాస్త్రంలో నాకెక్కడా కనిపించలేదు.

సోమవారానికి బస్సులు నిండాయి. నగరం ధైర్యంగా నిలబడిందని, కోలుకుందని అందరూ శ్లాఘించారు. ఇందులో ధైర్యం ఎంత, గత్యంతరం లేకపోవడం ఎంత? రోజుకూలితో బ్రతికేవాడు మూడవనాడు పనికి వెళ్లడం శౌర్యం కాదు, ఆకలి. అతనిని పొగిడి మన బాధ్యత తీర్చుకుంటున్నామేమోనని నా అనుమానం. కొంతకాలానికి గోకుల్ చాట్ తెరుచుకుంది, జనం మళ్లీ వరుస కట్టారు. దానిని నేను తప్పుపట్టను. నెల తిరిగేసరికి అదే సాగరానికి గణపతులు నిమజ్జనానికి తరలివెళ్లారు. దానినీ తప్పుపట్టను. దుఃఖానికి శాస్త్రం పదిరోజులని, పన్నెండు రోజులని గడువు పెట్టింది. ఆ గడువు తీరాక శుద్ధి చేసుకొని లోకవ్యవహారంలోకి రమ్మన్నది. గడువులోకి ప్రవేశించనివాడు దాని నుంచి బయటికి ఎట్లా వస్తాడన్నదే నా ప్రశ్న.

శోకం పాటించని నగరంలో శంక మిగిలింది. ఆలయాల ద్వారాల వద్ద తనిఖీలు వచ్చాయి. కొబ్బరికాయల సంచీని విప్పి చూపనిదే లోపలికి రానివ్వని స్థితి వచ్చింది. ఇతరులను అనడమెందుకు, నా సంగతే చెబుతాను. ఆ సంఘటన జరిగిన వారానికి ఒక యువకుడు ధ్వజస్తంభం దగ్గర సంచీ పెట్టి ప్రదక్షిణ చేస్తున్నాడు. నేను సహస్రనామార్చన మధ్యలో ఆపి, సంచీ ఎవరిదని కేక వేశాను. భక్తులు పరుగులు తీశారు. ఒక వృద్ధురాలు మెట్ల మీద పడిపోయింది. సంచీలో రెండు జతల బట్టలు, రొట్టెల పొట్లం, ఆసుపత్రి కాగితాలు ఉన్నాయి. “మా అన్న ఆసుపత్రిలో ఉన్నాడు అయ్యగారూ, బాంబు దెబ్బకు కాలు తీసేశారు. ఆయన పేరు మీద అర్చన చేయిద్దామని వచ్చాను” అన్నాడు. గోత్రం అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అతడే చెప్పాడు. అర్చన చేశాను, నా కంఠం నా వశంలో లేదు.

2013 ఫిబ్రవరి 21న, గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు తగిలించిన టిఫిను డబ్బాలలో బాంబులు పేలాయి. అటు తరువాత స్వామికి ఇంటి నుంచి దధ్యోదనం తెచ్చే తల్లులు క్యారియరు మూత తామే తీసి చూపడం నేర్చుకున్నారు. అన్నం తెచ్చే పాత్రను చూసి భయపడే రోజు వస్తుందని ఏ తల్లి ఊహించింది? ఒక్క మంచి అలవాటు కూడా వచ్చింది. సాయంత్రం ఆలయం నుంచి బయలుదేరే గృహిణులు ఇంటికి ఫోన్ చేసి బయలుదేరామని, చేరగానే చేరామని చెబుతారు. క్షేమసమాచారం పూర్వం ఉత్తరాలలో ఉండేది. ఇప్పుడది నిత్యకర్మ అయింది.

నేరస్థులను దండించడం రాజ్యం పని. 2007 నాటి ఘటనలో ఇద్దరికి 2018లో న్యాయస్థానం మరణశిక్ష విధించింది. నేను చెప్పేది మనవంతు గురించి. ఈ జంటనగరాలకు అది కొత్తదేమీ కాదు. 1813లో మహమ్మారి ప్రబలినప్పుడు సైన్యంలో ఉన్న సురిటి అప్పయ్య ఉజ్జయిని మహాకాళికి మొక్కుకొని, 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అప్పుడు పోయినవారి పేర్లు మనకు తెలియవు. అయినా ఏటా ఆషాఢంలో నగరమంతా అన్నం వండి, తలకెత్తుకొని వెళుతుంది. భోజనమే బోనమైంది.

మనకు మహాలయ పక్షం ఉన్నది. అందులో భాద్రపద బహుళ చతుర్దశి ఆయుధాల వల్ల మరణించినవారికి ప్రత్యేకించిన తిథి. తర్పణం చివర తల్లీ తండ్రీ బంధువూ మిత్రుడూ ఎవరూ లేనివారికి కూడా నీరు వదిలే విధి ఉన్నది. 2007 మే నెలలో మక్కా మసీదుకు ప్రార్థనకు వచ్చి మరణించినవారిని కూడా నేను అప్పుడు తలచుకుంటాను. వారి విధులు వారికి ఉంటాయి. నీటిచుక్కతో తలచుకోవడానికి నాకు అభ్యంతరం కనిపించలేదు.

పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి ఏటా ఆ తిథినాడు నా దగ్గరకు వస్తారు. ఆ సాయంత్రం ఆయన మనవడితో లుంబినీ పార్కులో ఉన్నారట. పిల్లవాడు ఆకలికి ఏడ్వడంతో ప్రదర్శన మధ్యలో లేచి వచ్చేశారు. తమ ముందు వరుసలో ఏవో మరాఠీ పాటలు పాడుకుంటూ కూర్చున్న కుర్రవాళ్లు ఆయనకు ఇంకా కళ్ల ముందే ఉన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు చాలాసేపు తటపటాయించి, “ఏడుగురికి వదలాలి స్వామీ. వాళ్ల గోత్రాలు తెలియవు, వదలవచ్చునా?” అని అడిగారు.

గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పుకోవడం ఆచారం, కూర్చోండి అన్నాను.