కప్పు తీస్తే కారు బరువెక్కుతుంది

కారు పైకప్పును తీసివేస్తే కారు తేలికవుతుందా, బరువెక్కుతుందా?

భిలాయి నగరంలో, నెహ్రూ నగర్ వీధులలో ఎవరినైనా ఈ ప్రశ్న అడిగితే, "తేలికే అవుతుంది, ఇందులో అడగవలసినదేమున్నది?" అని నవ్వవచ్చు. అది ఉక్కును ఎరిగిన ఊరు. 1959 ఫిబ్రవరి 4న అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన తరువాత, బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ కొలిమి వెలుగులోనే పిల్లలను పెంచి పెద్దచేశాయి. ఉక్కు రేకు తీసివేస్తే ఆ మేరకు బరువు తగ్గుతుందని వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

అయినప్పటికీ, ఒకే నమూనా కారును మామూలు కప్పుతోను, మడిచే టాపుతోను తయారుచేసి రెండింటినీ తూచినప్పుడు, సాధారణంగా టాపు కారే ఎక్కువ బరువు తూగుతుంది. తీసివేసిన ఉక్కు కన్న చేర్చవలసిన ఉక్కు ఎక్కువ. ఎందుకు చేర్చవలసి వస్తుందన్నదే మడత టాపు కథలో అసలు ఘట్టం. ఆ కథ మనందరికీ తెలిసిన ఒక సామాన్య వాహనంతోనే మొదలుపెట్టవచ్చు.

రిక్షా టాపు నేర్పే పాఠం

సైకిలు రిక్షాలు విరివిగా తిరిగిన రోజులలో ఎండ ముదిరితే టాపు వేయించుకోవడం, సాయంకాలపు గాలికి దానిని వెనుకకు మడిపించుకోవడం అందరికీ అలవాటే. ఆ టాపు నిర్మాణాన్ని పరిశీలించినవారు మాత్రం కొద్దిమందే. విల్లులాగా వంచిన మూడు నాలుగు బద్దలు, వాటి మీద రెక్సిను గుడ్డ, రెండు ప్రక్కలా ఒక్కొక్క ఇనుప చేయి, అంతే సామగ్రి. ఆ ఇనుప చేతికి నడుమ మోచేయి వంటి కీలు ఉంటుంది. టాపును ముందుకు లాగినప్పుడు ఆ మోచేయి నిటారుగా సాగి, సరళరేఖను ఒక వెంట్రుకవాసి దాటి నిలుస్తుంది. ఆ పైన గుడ్డ ఎంత గట్టిగా వెనుకకు లాగినా ఆ లాగుడు కీలును మరింత బిగిస్తుందే తప్ప వదలించదు. మడవాలంటే ఆ మోచేతిని చేతితో వెనుకకు నెట్టవలసిందే. బోల్టు అక్కరలేదు, తాళం అక్కరలేదు. మడత బల్ల కాళ్ళు నిలవడంలో ఉన్న కిటుకు కూడా ఇదే.

ఇది రిక్షా కన్న పాతది. ఐరోపాలో జర్మనీ దేశపు లాండౌ పట్టణం పేరు పెట్టుకున్న గుర్రపు బగ్గీల టాపుకు ఇరుప్రక్కలా ఎస్ ఆకారపు ఇనుప చేతులు ఉండేవి. మోటారు కార్లు వచ్చిన తొలి దశాబ్దాలలో ఆ బగ్గీల టాపే కారు మీదకు ఎక్కింది. ఆనాడు ఎక్కువ కార్లకు గట్టి కప్పు ఉండేదే కాదు. అమెరికాలో శవవాహనాల ప్రక్కభాగాన నేటికీ ఆ ఎస్ ఆకారపు ఇనుపచేతిని అలంకారంగా బిగిస్తారు. మడిచే పని పోయినా ఆకారం మిగిలిపోయింది.

ఒక్క పిడితో పది కదలికలు

రిక్షా గంటకు పది మైళ్ళ వేగంతో పోతే గొప్ప. కారు అరవై, డెబ్బై మైళ్ళ వేగంతో పోతుంది. ఆ వేగంలో టాపు పైనుంచి పారే గాలి ఒత్తిడి తగ్గి, లోపలి గాలి ఒత్తిడి గుడ్డను పైకి ఉబ్బిస్తుంది. వదులుగా ఉన్న గుడ్డ తెరచాపలాగా కొట్టుకుంటుంది. కనుక కారు టాపును మద్దెల మీది చర్మంలాగా బిగించాలి. కాని అంత బిగువుగా ఉన్న గుడ్డను మడవడం ఎట్లా?

ఇందుకు రూపశిల్పులు కనుగొన్న ఉపాయం చివరి నాలుగు అంగుళాలలో ఉన్నది. టాపు లేచి ముందుకు వచ్చేటంతసేపూ గుడ్డ వదులుగానే ఉంటుంది. దాని ముందు అంచు ఎదురు అద్దపు చట్రాన్ని తాకిన తరువాత, కొక్కెం తగిలించి మీటను మూసినప్పుడు ఆ చివరి కదలికలోనే బిగువంతా వస్తుంది. చేతి బలాన్ని అనేక రెట్లు పెంచే ఆ మీటలో ఉన్నది మళ్ళీ ఆ రిక్షా మోచేయే.

ఇక రెండవ చిక్కు చోటుకు సంబంధించినది. టాపు ఒకే కీలు మీద తిరిగితే పెట్టె మూతలాగా పైకి లేచి, వెనుక నిలువుగా నిలబడిపోతుంది. కారు టాపు అట్లా కాక, కూర్చున్నవారి తలలకు తగలకుండా లేచి, వెనుకకు జరిగి, ముడుచుకొని, సీట్ల వెనుక ఉన్న ఇరుకు గుంటలో బల్లపరుపుగా పడుకోవాలి. ఇందుకు వాడే సాధనాన్ని నాలుగు కడ్డీల కూర్పు అంటారు. నాలుగు కడ్డీలను నాలుగు కీళ్ళతో కలిపి, ఒక కడ్డీని కారు ఒడలికి బిగిస్తే, మిగిలిన మూడింటి దారి నిర్ణయమైపోతుంది. ఒకదానిని కదిపితే తక్కినవి తమకు విధించిన దారిలోనే నడుస్తాయి. కడ్డీల పొడవు ఒక అంగుళం మారితే దారి అంతా మారుతుంది. అటువంటి కూర్పులను ఒకదానికొకటి జోడించి, ఒక్క పిడి లాగితే బద్దలన్నీ వరుసక్రమంలో పడుకొనేటట్లు చేయడమే ఈ శిల్పంలోని నేర్పు.

ఆ పిడిని లాగే శ్రమ కూడా క్రమంగా తప్పింది. 1939లో అమెరికా ప్లిమత్ కారులో ఇంజను పీల్పు వల్ల కలిగే శూన్యశక్తితో టాపును లేపారు. తరువాత విద్యుత్ మోటార్లు, చమురు ఒత్తిడితో నడిచే పంపులు వచ్చాయి.

దంతవైద్యుని ఆలోచన

గుడ్డ టాపు చినుగుతుంది, చలిని ఆపదు, దొంగ కత్తికి లొంగుతుంది. ఉక్కు కప్పునే మడిస్తే? ఈ ఆలోచనకు రూపమిచ్చినవారిలో మొదట చెప్పుకోదగినవాడు పారిస్ నగరపు దంతవైద్యుడు జార్జ్ పోలాఁ. పళ్ళు బాగుచేసే వృత్తిలో ఉంటూనే ఆయన కార్ల ఆకృతులు గీసేవాడు. ఒక్క ముక్కగా ఉన్న ఉక్కు కప్పు వెనుకకు జారి, వెనుక నుంచి తెరుచుకొనే డిక్కీలోకి దిగిపోయే ఏర్పాటుకు 1930ల తొలి సంవత్సరాలలో పేటెంటు తీసుకున్నాడు. పూజో సంస్థ ఆ ఏర్పాటుతో 1934 నుండి 'ఎక్లిప్స్' కార్లను వెలువరించింది. ఎక్లిప్స్ అంటే గ్రహణం. కప్పు కనుమరుగయ్యే కారుకు తగిన పేరే. మొదట మోటారుతో కదిలిన ఆ కప్పును తరువాతి నమూనాలలో చేతితోనే నడిపే విధంగా మార్చారు. సరళమైనదే ఎక్కువకాలం నిలుస్తుందన్న పాఠం అప్పుడే మొదలైంది.

పోలాఁ జీవితం మాత్రం ఎక్కువకాలం నిలవలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు జర్మనీ వశమైనప్పుడు ఆయన రహస్య ప్రతిఘటన ఉద్యమంలో చేరి బ్రిటిషు గూఢచారి శాఖకు సహకరించాడు. పట్టుబడిన తరువాత, 1942 మార్చిలో పారిస్ చెంత మోఁ వలేరియఁ కోటలో జర్మన్లు ఆయనను కాల్చిచంపారు.

ఆయన ఆలోచనను యుద్ధానంతరం అమెరికాలో ఫోర్డు సంస్థ భారీ ఎత్తున చేపట్టింది. 1957లో వచ్చిన ఫోర్డు స్కైలైనర్ కప్పు మరీ పెద్దది కావడంతో దాని ముందుభాగం మడుచుకొని మరీ డిక్కీలోకి దిగేది. అందుకు మోటార్లు, రిలేలు, ఒక కదలిక ముగిసిందని మరొక కదలికకు తెలిపే స్విచ్చులు, వీటన్నిటినీ కలుపుతూ సుమారు 600 అడుగుల విద్యుత్ తీగ కావలసి వచ్చాయి. కప్పు డిక్కీలో పడుకుంటే సామానుకు చోటు దాదాపు లేనట్లే. మూడేళ్ళలో 48,394 కార్లు తయారైన తరువాత 1959లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. 1996లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ ఎస్.ఎల్.కె. కారులో చమురు ఒత్తిడితో 25 సెకన్లలో మడుచుకొనే ఉక్కు కప్పును తెచ్చి ఆ కోరికను మళ్ళీ బ్రతికించింది. మరెన్నో సంస్థలు ఆ దారి పట్టాయి. కాని 2021లో అదే సంస్థ తన పేరుపొందిన ఎస్.ఎల్. కారుకు తిరిగి గుడ్డ టాపునే అమర్చింది. లోహపు కప్పు కన్న అది 21 కిలోల తేలిక. పైగా ఆ బరువు కారు నెత్తి మీద తగ్గుతుంది కనుక మలుపులలో కారు నిలకడ పెరుగుతుంది.

పట్టా, గొట్టం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. గుడ్డ టాపు తేలికైనదే అయితే కారు ఎందుకు బరువెక్కుతుంది?

జవాబు భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలోనే ఉన్నది. పట్టా మీద నుంచి వేల టన్నుల రైలుబండి పోయినా అది వంగక నిలుస్తుంది. నిలువు బరువును మోయడానికే దానికి ఆ ఆకారం ఇచ్చారు. కాని అదే పట్టాను రెండు కొసలా పట్టి, తడిబట్ట పిండినట్లు మెలితిప్పే బలాన్ని ప్రయోగిస్తే, అంతే ఉక్కుతో చేసిన గొట్టం కన్న అది ఎంతో సులువుగా లొంగుతుంది. మెలికను ఎదిరించే శక్తి ఉక్కు పరిమాణంలో కన్న, ఆకారం నలుప్రక్కలా మూసుకొని ఉండటంలో ఎక్కువగా ఉంటుంది.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. క్యాలెండర్లు చుట్టి పంపే అట్ట గొట్టాన్ని రెండు చేతులా పట్టి మెలితిప్పితే కదలదు. దానిని ఒక ప్రక్క నిలువునా, ఈ కొస నుండి ఆ కొస వరకు బ్లేడుతో చీల్చి మళ్ళీ తిప్పితే, రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి జారి గొట్టం సునాయాసంగా మెలిపడుతుంది. అట్ట ఏమాత్రమూ తగ్గలేదు. పోయినది మూత ఒక్కటే.

కప్పు ఉన్న కారు మూసిన పెట్టె. నేల, స్తంభాలు, కప్పు కలిసి ఒకే గొట్టంలాగా పనిచేస్తాయి. కప్పు తీసిన కారు మూతలేని పళ్ళెం. ముందు కుడి చక్రం గుంటలో పడి, వెనుక కుడి చక్రం మిట్ట ఎక్కినప్పుడు ఆ పళ్ళెం మెలిపడుతుంది. ఎదురు అద్దపు చట్రం వణుకుతుంది, వెనుక చూసే అద్దంలో దృశ్యం అదురుతుంది, తలుపుల సందులు కిర్రుమంటాయి. దీనిని అరికట్టడానికి తలుపుల క్రింద ఉండే గొట్టపు దూలాలను మందంగా చేస్తారు. నేల క్రింద అడ్డుకడ్డీలు బిగిస్తారు. సీట్ల వెనుక ఒక ఉక్కు గోడ నిలుపుతారు. పైన తీసిన ఉక్కు క్రింద ఇంతలంతలుగా చేరుతుంది. బరువెక్కడంలోని రహస్యం ఇదే. కప్పు నీడ నిచ్చేది మాత్రమే కాదు, బండిని కట్టి ఉంచే ఎముక కూడా.

తలక్రిందులైతే

కప్పు చేసే పని మరొకటి ఉన్నది. దాని అవసరం జీవితంలో ఎన్నడూ రాకపోవచ్చు. వస్తే మాత్రం ఒక్క క్షణంలో ప్రాణం దాని మీదే ఆధారపడుతుంది. కారు బోర్లాపడినప్పుడు గుడ్డ టాపు ఏమీ ఆపలేదు. 1970లలో అమెరికాలో భద్రతా నిబంధనలు ఈ విషయంలో కఠినమవుతాయన్న భయం వ్యాపించింది. అమ్మకాలు కూడా పడిపోవడంతో తయారీదారులు ఒక్కొక్కరుగా టాపు కార్లను మానివేశారు. 1976 నాటి కాడిలాక్ ఎల్డొరాడోను చివరి అమెరికన్ టాపు కారుగా ప్రచారం చేశారు. కాని ఆకాశాన్ని చూస్తూ ప్రయాణించాలన్న మోజు చావలేదు. 1982లో క్రైస్లర్ సంస్థ వాటిని మళ్ళీ తెచ్చింది.

ఈ మధ్యకాలంలో భద్రతకు రెండు ఉపాయాలు స్థిరపడ్డాయి. మొదటిది, ఎదురు అద్దానికి ఇరుప్రక్కల ఉన్న స్తంభాలలో గట్టి ఉక్కు గొట్టాలు దాచి, అవే కారు బరువును మోసేటట్లు చేయడం. రెండవది, సీట్ల వెనుక ఉక్కు కమాను నిలపడం. 1989లో మెర్సిడెస్ ఎస్.ఎల్. కారులో ఆ కమాను మామూలు సమయాలలో పడుకొని ఉండి, కారు పొర్లబోతున్నదని గ్రహించగానే సెకనులో మూడవ వంతు కన్న తక్కువ కాలంలో లేచి నిలిచేటట్లు అమర్చారు. మన దేశంలో 2020లో వచ్చిన మహీంద్రా థార్ బండిని మడత టాపుతో కూడా అమ్మకానికి పెట్టినప్పుడు, గుడ్డ క్రింద ఉక్కు గొట్టాల పంజరాన్ని నిర్మాణంలోనే చేర్చారు. పైకి కనిపించేది గుడ్డే అయినా ప్రాణానికి కాపు ఆ పంజరమే.

అయితే ఈ ఏర్పాట్లన్నీ సీటులో, బెల్టు కట్టుకొని కూర్చున్న మనిషి కోసం చేసినవి. ఊరేగింపులోనో, పెళ్ళి సంబరంలోనో టాపు మడిచిన జీపులో నిలబడిన యువకునికి, కప్పులోని కిటికీ తెరచి తల పైకి పెట్టి కేరింతలు కొట్టే పిల్లవానికి అవి ఏమీ చేయలేవు. కమాను ఎత్తు కూర్చున్న తలను లెక్కించి నిర్ణయించినది. నిలబడిన తల ఆ లెక్కలో లేదు. బండి ఒక్కసారి బ్రేకు వేసినా చాలు, ఆ శరీరాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

మడత టాపు బండి గలవారు గుర్తుంచుకోదగిన సంగతులు మరికొన్ని ఉన్నవి. తడిసిన గుడ్డను మడిచి ఉంచితే బూజు పడుతుంది, ఆరిన తరువాతనే మడవాలి. వెనుక కిటికీ ప్లాస్టిక్‌ది అయితే ఎండకు పెళుసెక్కుతుంది, మడత దాని మీద పడకుండా చూడాలి. టాపు గుంటలోని నీరు పోయే సన్నని గొట్టాలు రాలిన ఆకులతో పూడుకుపోతే వర్షపు నీరు సీట్ల క్రిందికి చేరి తుప్పు పట్టిస్తుంది. తొలకరికి ముందే వాటిని శుభ్రం చేయించడం మంచిది. కీళ్ళు బిగుసుకున్నప్పుడు బలవంతంగా లాగితే వంగేది కడ్డీ. కడ్డీ ఒక్కటి వంగితే టాపు నడిచే దారి అంతా తప్పుతుంది. బలప్రయోగం మాని, నాలుగు చుక్కల నూనె వేసి కొంతసేపు వేచి ఉంటే మేలు.